మా గోడ దాటని రేడియో

దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే ముచ్చట కాదిది.

అరవైతొమ్మిది తెలంగాణ గొడవలు సద్దుమణిగిన కొన్నేళ్లకు, పెద్దవంగర దగ్గరున్న మా పల్లెకు యూనివర్సిటీ నుంచి ముగ్గురు వచ్చారు. అప్పుడు పల్లె మొత్తానికి రేడియో మా ఇంట్లోనే ఉండేది. ముగ్గురూ దాని కోసమే వచ్చారు గానీ ఎవరి చదువు వాళ్లది. కళ్లద్దాల సారు పెట్టె మూత తీసి చూశాడు, దాని శబ్దం ఎంత దూరం వినిపిస్తుందో అడుగులేసి కొలిచాడు. రెండో సారు, విన్న కబురు ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి పోతుందో గీతలు గీసుకున్నాడు. వాళ్లతో వచ్చిన అమ్మాయి పెట్టెను చూడనే లేదు. మా అరుగు మీద ఎవరు కూర్చుంటారో చూసింది.

"ఈడికి రానోళ్లు ఎవరన్న ఉన్నరా అక్కా? ఉంటె చెప్పు, వాళ్ల వాడకు ఇంకో రేడియో ఇస్తం," అని అడిగింది.

ఉన్నారు. కూలి వాడవాళ్లను మా అత్త అరుగు ఎక్కనిచ్చేది కాదు. మా పొలంలో నాట్లేసే ముసలవ్వ అప్పుడు కూడా గోడ అవతలే నిలబడి ఉంది. నిజం చెప్తే ఇంటి పరువు పోతుందనుకున్నాను.

"రానోళ్లెవరున్నరు బిడ్డా? అందరు మా అరుగు మీదనే," అన్నాను.

రేడియో శబ్దం మా గోడ దాటదని సారు కొలతలోనే ఉంది. అయినా ముగ్గురూ నా మాటే రాసుకుని వెళ్లిపోయారు.

గోడ అవతల నుంచి అవ్వ నవ్వింది. "ఏం దొరసానీ, నాకు పీట యాడేసినవ్? జర సూపెట్టు, రేపటిసంది కూసుంట."

ఆ ఎండాకాలం రేడియోలో చెప్పారు, మానుకోటలో మూడు రోజులు కళ్లకు ఆపరేషన్లు చేస్తారని. బండి కట్టుకుని అత్తను తీసుకుపోయాం. అవ్వకూ రెండు కళ్లలో పొరలున్నాయని నాకు తెలుసు. చెప్పాలని తోచలేదు. అందరూ వింటారని నేనే రాయించాను కదా, నా అబద్ధాన్ని నేనే నమ్మినట్టున్నాను.

అత్త కంటి కట్టు చూసి అవ్వ అడిగింది. "యాడ జేపిచ్చిన్రు?"

"మానుకోటల. మూడు రోజులే పెట్టిన్రు, అయిపోయిందవ్వా."

"ఎట్ల తెలిసె?"

"రేడియోల జెప్పిన్రు."

"అట్లనా," అంది.

మరుసటి ఏడు ఆమె కళ్లు కనబడక నాట్లకు రాలేదు. నేనే వెంటబెట్టుకుని వరంగల్ దవాఖానకు పోయాను. పొరలు ముదిరి కళ్లు చెడిపోయాయి, చాలా ఆలస్యమైంది, ఇక చూపు రాదన్నారు. వచ్చేటప్పుడు దారంతా నా చెయ్యి పట్టుకునే నడిచింది. ఆ పట్టు ఇప్పటికీ నా మణికట్టు మీదే ఉంది.

మీ ఇల్లు చల్లగుండాలి. మీ ఇంట్లో అందరి కళ్లూ పదిలంగా ఉండాలి. మీ అరుగు మీద ఎవరికీ చోటు తక్కువ కాకూడదు.