కుంట దగ్గర కెమెరా ఎదుట కూర్చున్న మనిషి

2022 ఎండాకాలం. గిద్దలూరు దగ్గర నల్లమలలో పులుల లెక్క కోసం కెమెరా ట్రాప్‌లు కట్టే పని నాది. చెట్టుకు బిగించే చిన్న పెట్టె అది; ఎదుట ఏది కదిలినా దానంతటదే ఫొటో తీస్తుంది. ఆ ఏడాది అడవి మంటలకు గడ్డి కాలిపోయి, నీళ్ళెండిపోయి, పులులూ మేకలూ ఒకే కుంటకు వస్తున్నాయి. తెల్లవారి అడవిలోకి వెళితే పొద్దుగూకేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండడు.

ఆ కుంట కెమెరాలో ఒక ఆడపులి దొరికింది. పులిని గుర్తుపట్టే చారలు రెండు పక్కలా స్పష్టంగా పడ్డాయని ఆఫీసులో అందరూ సంబరపడ్డారు. ఆ వారంలోనే నా గదికి కోటమ్మ అనే ఆవిడ వచ్చింది.

"మా ఆయన మేకలు తోలుకపోయి, వడదెబ్బ తగిలి పోయినాడు నాయనా. కుంట కాడ నీ కెమెరాలో పడినాడేమో సూడు."

"ఇంట్లో ఫొటో లేదా అమ్మా?"

"ఆధార్ కార్డులో ఉండాడు. అది ఆయన మాదిరి లేదు."

మనుషుల ఫొటోలు బయటికి ఇవ్వకూడదు. పైగా అడవి లోపల మేకలు మేపడం కేసవుతుంది. ఆ మాటే చెప్పాను. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. లాప్‌టాప్ తెరిచాను.

తలగుడ్డ చుట్టిన మనిషి, సంగటి మూట విప్పుకుని కెమెరాకు ఎదురుగా కూర్చున్నాడు. మరునాడూ అక్కడే, ఆ మరునాడూ అక్కడే. ఒక ఫొటోలో ఏదో చెబుతున్నట్టు నోరు తెరిచి ఉంది.

"ఇంట్లో నేను ఎదురుగా కూసుంటేనే తినేటోడు," అందామె. "ఏంది చెప్తాండాడు?"

"దీంట్లో మాట పడదమ్మా."

రేంజర్ గారికి ఫోన్ చేశాను. "చోటు తెలియకుండా కత్తిరించి ఇవ్వు," అన్నారు. స్టూడియోలో ప్రింటు వేయించి ఇచ్చాను.

"మేకలు ఇప్పుడెవరు తోలుతున్నారు?"

"నేనే పోతాండా. ఆ కెమెరా తీసేసినావా?"

"తీసేశానమ్మా."

"ఉండనిచ్చింటే బాగుండు," అని బస్సుకు వెళ్ళిపోయింది.

అతను అట్లా కూర్చున్న రోజుల్లోనే, కొండకు ఇవతల నేనూ ఒక్కణ్ణే క్యారేజీ విప్పుకునేవాణ్ణి. నడిచి పోగలిగినంత దూరం. ఇప్పుడు కొత్త చోట పని మొదలుపెడితే, అటువైపు జీవాలు తోలుకొచ్చేవాళ్ళు ఎవరో ముందు కనుక్కుంటాను. మధ్యాహ్నం అన్నానికి వాళ్ళ దగ్గరికి వెళతాను.