ఐదుతో అయిపోదు పెద్దనాయనా

మా చిన్నప్పుడు... అంటే మరీ పాత ముచ్చటేం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తల్లోనే... నేను ఐదో తరగతి టీసీ తెచ్చుకున్న రోజు మా పెద్దనాయన నా బడి సంచి తీసుకుని, పుస్తకాలు మంచం మీద కుమ్మరించి, అందులో సద్ది డబ్బా పెట్టాడు.

"బడి అయిపోయింది గదా బిడ్డా. రేపటి సంది చేనుకు రా."

మక్తల్ దగ్గర మా ఊళ్లో బడి ఐదు దాకే. ఆరు చదవాలంటే మక్తల్ పోవాలి. పెద్దనాయన కొడుకు అట్లా పోయే పది చదివాడు. వాడికి అయిపోని బడి నాకు మాత్రం అయిపోయింది. మా నాయిన తన అన్న మాటకు ఏనాడూ ఎదురు చెప్పింది లేదు... ఆ రోజూ చెప్పలేదు.

పెద్దనాయనది సీడు పత్తి, అంటే కంపెనీలకు విత్తనాల కోసం పండించేది. సాయంత్రం ఆడ మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దాలి. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని ఆడపిల్లల్నే పెట్టేవాళ్లు. నా బడి సంచి చేను గట్టు మీద, చింతపండు పులుసు మరకలతో... చూసినప్పుడల్లా కడుపు రగిలిపోయేది. బడి అయిపోయిందన్న మాటను ఎప్పటికైనా ఈయనకే తిరిగి అప్పజెప్తాను అనుకునేదాన్ని.

పీర్ల పండుగకు అవ్వ పుట్టింటి వాళ్లు వచ్చారు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, పుట్టిల్లు కర్ణాటకలో, రాయచూరు దిక్కు. ఆమె తమ్ముడి మనవరాలిది నా ఈడే. "ఇప్పుడు ఆరు. ఏడు దాంక మా ఊరి ప్రైమరీ బడే" అంది ఆ పిల్ల.

అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ మాటతో నిప్పు తొక్కినట్టు లేచింది. పండుగ సెలవు అయిపోగానే నన్ను రెక్క పట్టుకుని బడికి గుంజుకుపోయింది.

"మా పుట్టింట్ల ఏడు దాంక చెప్తరు. మీరు ఐదుకే అయిపోయిందంటిరి. నా మనవరాలి రెండేండ్లు ఎవరు తిన్నరు సారూ?"

సారు నవ్వాపుకోలేకపోయాడు. "ఆడి లెక్క వేరే, ఈడి లెక్క వేరే అవ్వా. ఈడ ఆరు నుంచి హైస్కూలు. ఎవరూ తినలే. మక్తల్ తోలియ్యి."

"గా ముచ్చట నాకు కాదు, మా ఇంట్ల చెప్పు" అని బడి అరుగు మీద కూర్చుంది. సారు ఇంటికొచ్చి మా నాయినను ఒప్పించేదాకా లేవలేదు. సగం సంవత్సరం పోయాక ఆరులో చేరాను... అదే సంచి, ఉతికినా పోని మరకలతో.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మొన్న ఎండాకాలం ఇంటికి పోతే పెద్దనాయన వచ్చాడు. ఆయన మనవరాలు ఐదు పాసైంది.

"జర దీన్ని మంచి బడిల చేర్పియ్యి బిడ్డా. నీకన్నీ ఎరుకనాయె."

"ఐదు అయిపోయింది గదా పెద్దనాయనా, ఇంకెక్కడి బడి?"

ఆయన తల దించుకున్నాడు. "గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఐదుతోని సదువు అయిపోదని అవ్వకు చెప్పు. గప్పుడు చేర్పిస్త."

పిల్లను బడిలో చేర్పించే పని నేను ముందు రోజే చూసి పెట్టాను. అది ఆయనకు తెలియదు. తెలియనీయలేదు కూడా.

అవ్వ అరుగు మీద ఉంది. ఈ మధ్య ఆమెకు చెవులు మందమైనయని ఇంట్లో అంతా అంటారు. పెద్దనాయన వంగి చెప్పాడు. "ఏందిరా?" అంది. కొంచెం గట్టిగా చెప్పాడు. "ఇనపడలే కొడకా. జర గట్టిగ."

"ఐదుతోని సదువు అయిపోదే అమ్మా" అని ఆయన అరిచిన అరుపుకి వాకిళ్లలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నాకు లోపల చల్లబడింది... పదేళ్ల మంట.

లోపల బెల్లం డబ్బా మూత తీస్తే అరుగు మీది నుంచి వినే చెవులవి. నాకు తెలుసు.

ఇప్పుడు మా ఊరి పిల్లలు ఆటోల్లో మక్తల్ పోతున్నారు... సీడు పత్తిలో చిన్న వేళ్లు తగ్గాయి. ఊళ్లో బడి మాత్రం ఇంకా ఐదుకే ఆగుతోంది.

మీకు బడి ఏ తరగతితో అయిపోయిందన్నారు... ఆ మాట అన్నది ఎవరు? కింద రాయండి. అవ్వకు చదివి వినిపిస్తాను... మెల్లగా చదివినా వింటుంది.