ట్యూబు వెనక చిన్నక్షరాలు

ఫ్యాక్టరీల పక్కనున్న ఇంద్రేశంలో కిరాయికుండే భవాని ఏ ఫేస్‌వాష్ చేతికొచ్చినా ముందు ట్యూబును వెనక్కి తిప్పుతుంది. మందుల కంపెనీలో షిఫ్టు దిగి, మాస్కు గీతలు ముఖం మీదుండగానే మెడికల్ షాపులో నిలబడి, రెండు ట్యూబులు పక్కపక్కన పెట్టుకొని చిన్నక్షరాలు చదువుతుంది. నురగ కోసం సల్ఫేటు కలిపినది మానేసింది. తర్వాత సెంటు కలిపినదీ మానేసింది. అయినా ఇంట్లో కడుక్కున్న ప్రతిసారీ చెంపలు భగ్గుమంటున్నాయి. బోరు నీళ్లు వాసనొస్తున్నాయని చెప్పినప్పుడల్లా ఇంటి ఓనరు యాదన్నది ఒకటే మాట: "నీళ్లకేమైంది చెల్లె? నీ క్రీమే మంచిగలేదు, మార్చు." మండే ముఖం ఆమెదే, తప్పూ ఆమెదేనట!

ఈ పొద్దున బట్టలారేయడానికి మేడెక్కితే, యాదన్న మినరల్ వాటర్ క్యాను వంచుకొని తీరిగ్గా ముఖం కడుక్కుంటున్నాడు. భవానికి అరికాలి మంట నెత్తికెక్కింది. తడిబట్టలు అక్కడే పడేసి కిందికి పోయి, ట్యూబూ చెంబెడు బోరు నీళ్లూ తెచ్చి అతని ముందు ఠప్పున పెట్టింది.

"దీని మీద రాసింది మొత్తం చదివిన అన్నా. గీ నీళ్ల మీద ఏం రాసి లేదు. గందుకే, ఒక్కసారి నువ్వు మొఖం కడుక్కొని సూపియ్యి."

యాదన్న చెయ్యి చెంబు దాకా రాలేదు.