కొలువులో హైంకెల్ విమానం

ఈ సాయంత్రం, విదేశంలో మేముంటున్న టార్నీట్‌లో, మా బొమ్మల కొలువు చూడడానికి పక్కింటి మార్గరెట్ ఆంటీ వచ్చారు. లండన్‌లో పుట్టిన పెద్దావిడ. మా అమ్మాయి అతికించి రంగులేసిన పాత జర్మన్ విమానం బొమ్మ, రెండింజన్ల హైంకెల్ ముందు ఆగిపోయారు.

“అది ప్యాసింజర్ ప్లేనే ఆంటీ,” అన్నాను.

“మొదట్లో లోకానికీ అలాగే చెప్పారు. తర్వాత యుద్ధంలో అదే మా వీధి మీద బాంబులేసింది. అప్పుడు మా చెల్లి ఉయ్యాలలో ఉంది.”

నేను విమానం తీయబోయాను. “కొలువు మధ్యలో బొమ్మ తీయకూడదమ్మా,” అన్నారు మా అత్తగారు. ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆంటీ తలూపారు.

“తీయొద్దులే. ఆ ఉయ్యాలవైపు చూడకుండా కాస్త తిప్పు.”

నిజమే, దాని ముక్కుకి ఎదురుగా ఉయ్యాలలో మా చిన్నికృష్ణుడున్నాడు.

ఆవిడ తాంబూలం తీసుకుని వెళ్లాక తిప్పి చూశాను. ఎటు తిప్పినా ఎదురుగా ఎవరో ఒకరుంటున్నారు. మీరైతే ఎటు తిప్పేవారు?