గీత వంగిన మానిటర్

మాఘమాసంలో ఒక మంగళవారం, పొద్దున్న పది గంటల పది నిమిషాలకు నా కంప్యూటర్ తెర మీద ఒక సరళరేఖ వంగింది.

పదో తరగతి మోడల్ పేపరు తయారుచేస్తున్నాను. రిటైరై పద్నాలుగేళ్లయినా మా వీధి చివరి బడికి లెక్కల ప్రశ్నపత్రాలు నేనే చేసి ఇస్తాను. ఆ రోజు రెండు సమీకరణాలకు గ్రాఫు గీశాను. రెండు రేఖలూ ఖండించుకునే చోట ఒక రేఖ కొంచెం కిందికి దిగి మళ్లీ పైకి లేచింది, తడిసిన అట్ట మీద గీసినట్టు. అంకెలు తప్పు కొట్టానేమోనని సరిచూశాను. తప్పు లేదు. అంతలో తెర రెండుసార్లు రెపరెపలాడి నల్లబడింది. మళ్లీ వెలిగింది.

తెర నల్లబడితే ఎవరైనా విసుక్కుంటారు. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ఎందుకంటే, నాలుగేళ్ల క్రితం నా కుడి కంట్లో నడిమి చూపు పోయింది. ఆ కంటితో చూస్తే ఎదుటి మనిషికి చెవులుంటాయి, ముఖం ఉండదు. అప్పుడే విశాఖపట్నంలో కంటి డాక్టరుగారు నాకు గట్టిగా చెప్పారు. "మీకు మిగిలింది ఎడమ కన్ను. తలుపు చట్రం గానీ కిటికీ ఊచ గానీ, తిన్నగా ఉండవలసింది ఏదైనా వంకరగా కనబడిందంటే మర్నాటి దాకా ఆగకండి. ఆ రోజే బస్సెక్కండి."

కాబట్టి ఆ మంగళవారం నా ముందున్న ప్రశ్న ఒక్కటే. చెడింది మానిటరా, కన్నా? మానిటరే అయి ఉండాలని కోరుకున్నాను. అది రెపరెపలాడినందుకు దానికి దండం పెట్టాలనిపించింది.

ఇంట్లో నేనూ మా ఆడపడుచూ ఉంటాం. మా ఆయనకు చెల్లెలు, నాకంటే ఏడేళ్లు చిన్న. బడికి వెళ్లింది రెండేళ్లే గానీ ఎదుటివాళ్ల ముఖం బాగా చదువుతుంది. గుమ్మంలో నిలబడి తెర వైపు చూసింది.

"ఏటొదినా, ఆ పెట్టెకి దిష్టి తగిలినాదేటి? అలా కళ్లార్పుతన్నాది!"

"సుస్తీ చేసింది."

"పెట్టెకే గదా? నీకు కాదు గదా?"

"పెట్టెకే," అన్నాను.

ఆ మానిటర్ కొని తొమ్మిదేళ్లు. చెడిపోయే వయసే. కానీ ఏ భాగం చెడిందో తేల్చకుండా పారేసే అలవాటు నాకు లేదు. పిల్లలకు ముప్ఫై ఏళ్లు చెప్పింది అదే: ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే ఏది కారణమో తెలియదు. బుధవారం కరెంటు తీగ మార్చాను. సీపీయూ తీగ మానిటర్‌కి పెట్టాను, దానిది దీనికి పెట్టాను. పావుగంట బాగానే నడిచి మళ్లీ నల్లబడింది. రేఖ అక్కడే, అలాగే వంగి ఉంది.

గురువారం మానిటర్‌నీ సీపీయూనీ కలిపే కేబుల్ ఊడదీశాను. దాని నీలం మూతిలో చిన్న చిన్న సూదులుంటాయి. నాకు అవి విడివిడిగా కనిపించలేదు. మా ఆడపడుచును పిలిచి చూడమన్నాను.

"ఒకటి వొంగున్నాదొదినా, ఎత్తు పన్ను లాగ."

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వంగిన సూది ఉంటే వంగిన గీత ఉండదా? ఆమె చేతే పిన్నీసుతో మెల్లగా సరిచేయించి మళ్లీ బిగించాను. రెపరెపలు సగానికి తగ్గాయి. రేఖ వంపు తగ్గలేదు.

శుక్రవారం అరసవల్లి రోడ్డులోని కంప్యూటర్ కొట్టుకు ఫోను చేశాను. కొట్టు యజమాని ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడు. ఇప్పుడు అతని జుట్టు కూడా నెరిసింది.

"టీచరుగారూ, ఇంట్లో ఎర్తు సరిగ్గా లేకపోతే తెర మీద గీతలు అలల్లాగ కదులుతాయండి. ఫ్రిజ్ పెట్టిన ప్లగ్గుకి ఎర్తు ఉంటాది. అక్కడ పెట్టి చూడండి."

అలల్లాగ కదులుతాయి అన్నాడు. నా గీత కదలడం లేదు, ఒక్కచోట దిగి ఉంది. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు. అయినా కంప్యూటరు మొత్తం వంటింట్లోకి మోయించాను.

"పోపు కూడా దీని మీదే పెట్టమంటావేటి?" అంది మా ఆడపడుచు, సీపీయూని ఫ్రిజ్ పక్కన దించుతూ.

మా వంటింటి కిటికీకి ఎనిమిది ఊచలు. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. అనుకోకుండా కూర్చోలేదు. మంగళవారం నుంచి ఇంట్లో ఏ తలుపు వంకా, ఏ ఊచ వంకా చూడకుండా తల దించుకునే తిరుగుతున్నాను. మానిటర్‌ను ఇన్ని రకాలుగా పరీక్షిస్తున్న దానిని, తల తిప్పి ఒక్క ఊచను చూస్తే తేలిపోయేది. లేదా తెర మీద ఆ గీత తిన్నగా ఉందా అని మా ఆడపడుచును ఒక్క మాట అడిగినా తేలిపోయేది. అడగలేదు. జవాబు నాకు నచ్చేది కాకపోతే ఆ తరువాత అడగడానికి ఇంకే ప్రశ్నా మిగలదు.

వంటింట్లో కూడా తెర నల్లబడింది. ఎర్తు కాదన్నమాట.

శనివారం సీపీయూని టీవీకి తగిలించాను. అరగంట సేపు ఒక్క రెపరెప లేదు. మానిటర్ చెడిందని రుజువైంది. ఇక గ్రాఫు తెరిచి ఆ రేఖ చూడడమే మిగిలింది. మౌస్ మీద చెయ్యి పెట్టాను గానీ వేలు నొక్కలేదు. మా ఆడపడుచు సీరియల్ వేళయింది, ఆమె మజ్జిగ గ్లాసులతో వచ్చి కూర్చుంది. "తీసెయ్యనా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పకముందే కేబుల్ పీకేశాను.

అప్పుడే ఆమెకు ఇంకాస్త మజ్జిగ పోయబోయి గ్లాసు పక్కన పోశాను. చాప తడిసింది. ఆమె గుడ్డ తేలేదు. టీవీ శబ్దం తగ్గించింది.

"ఒదినా, నిజం సెప్పు. కన్నేటంతంది?"

"రేపు మానిటర్ కొందాం. కొత్తదాని మీద గీత తిన్నగా ఉంటే నా కన్ను బాగున్నట్టే."

"లేకపోతే?"

"రేపు చూద్దాం."

"రేపాదోరం. ఆస్పత్రి ఉండదు. ఇయ్యాలే ఎల్లిపోదుం రాయే, రెండింటి బస్సున్నాది."

"ఉత్త పుణ్యానికి అంత దూరం ఎందుకు?"

"ఉత్త పుణ్యానికే అయితే నాకంటే సంతోషించేది ఎవలు?" అంది. నేను లేవలేదు. ఆమె ఆ రోజు సీరియల్ చూడలేదు, అన్నం కూడా తినలేదు.

మాఘ ఆదివారం అరసవల్లి దారిలో ఆటో కదలాలంటే మాటలు కాదు. సూర్యదేవుడి గుడికి వచ్చే జనం, లాడ్జీల ముందు బస్సులు, కొబ్బరికాయల బళ్లు. మిల్లు జంక్షను నుంచి నడిచినా ముందే చేరేవాళ్లం. మా ఆడపడుచు ఆటోలోంచే గుడి వైపు తిరిగి చేతులు జోడించింది.

"కళ్లిచ్చే దేవుడు ఎదర ఉన్నాడు, నువ్వు కంప్యూటర్ కొట్టుకెల్తన్నావు."

"నువ్వు అడుగు. నేను మానిటర్ సంగతి చూస్తాను."

"అడుగుతన్నాను. ఐదు రోజులై అదే అడుగుతన్నాను. నీకు తెలీదనుకున్నావేటి?"

ఏ మానిటర్ కొనాలో నేను ముందే నిర్ణయించుకున్నాను. ట్యూబులైటు ప్రతిబింబించని గరుకు తెర కావాలి. అక్షరాలు పెద్దవి చేసుకునేంత వెడల్పు ఉండాలి. ఎత్తు పెంచుకునే స్టాండు ఉండాలి. మూడేళ్ల వారంటీ ఉండాలి, బాగుచేసే చోటు విశాఖపట్నం దాటి ఉండకూడదు. కొట్టు యజమాని ముందుగా విల్లులా వంగిన పెద్ద తెర చూపించాడు.

"ఇప్పుడందరూ ఈ వంపు తెరే పట్టుకెళ్తున్నారండి టీచరుగారూ."

"డబ్బులిచ్చి వంకరది కొంటామేటి బాబూ? ఇంట్లో ఊరకనే ఒకటి ఉన్నాది కదా," అంది మా ఆడపడుచు. అతను నవ్వాడు. నేను కూడా నవ్వాను.

నేను అడిగిన రకం మానిటర్ పెట్టె విప్పాడు. తెరంతా తెల్లగా, నల్లగా, ఎర్రగా, ఆకుపచ్చగా, నీలంగా పెట్టించాను. ఏ రంగులోనైనా వెలగకుండా చనిపోయిన చుక్కలుంటే బయటపడతాయి. వాళ్లిద్దరూ లేవన్నారు. పావుగంట అలా వదిలేశాం. నల్లబడలేదు. ఇంక నా పెన్‌డ్రైవ్‌లోని గ్రాఫు తెరిచాడు.

రేఖ వంగి ఉంది.

"ఇందులోనూ లోపం ఉంది. వేరే కంపెనీది తియ్యి," అన్నాను.

రెండోది విప్పాడు. వంగి ఉంది.

"మరోటి."

మూడో పెట్టెకు బ్లేడు పెట్టి ఆగాడు. తెర వైపు చూసి, నన్ను చూసి, మా ఆడపడుచును చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అయినా విప్పాడు. నేను వంగి చూశాను.

"టీచరుగారూ," అన్నాడు నెమ్మదిగా, "గీత తిన్నగానే ఉందండి. మూడింట్లోనూ."

"స్కేలు ఇయ్యి."

బల్ల సొరుగులోంచి అడుగు పొడవున్న స్టీలు స్కేలు తీసిచ్చాడు. దాన్ని తెరకు ఆనించి రేఖ వెంబడి పెట్టాను. రేఖకూ స్కేలు అంచుకూ మధ్య ఎక్కడా సందు లేదు. రెండూ కలిసే ఉన్నాయి. కలిసే కిందికి దిగి, కలిసే పైకి లేచాయి. చూపు ఎడమకు జరిపాను. స్కేలులో ఆ వంపు కూడా ఎడమకు జరిగింది. కుడికి జరిపితే కుడికి వచ్చింది. స్టీలు స్కేలు అలా వంగదు.

స్కేలు బల్ల మీద పెట్టేశాను. బయట ఆటోలు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

"మొదటిది కట్టు," అన్నాను.

"ఇప్పుడేటొదినా మానిటరు! లే!" మా ఆడపడుచు నా జబ్బ పట్టుకుని లాగింది.

"పాతది నిజంగానే చెడింది. నిన్న టీవీ మీద తేల్చాను కదా."

డబ్బు కట్టాను. వారంటీ కార్డు మీది నంబరు అతను పైకి చదివాడు, పెట్టె మీది నంబరు మా ఆడపడుచు ఒక్కొక్క అంకే కూడబలుక్కుని చెప్పింది. రెండూ ఒకటే. నేను వినడం మాత్రమే చేశాను.

సోమవారం మొదటి బస్సుకు వెళ్లాం. దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు, ఒక్క మాటా అనలేదు. ఆస్పత్రిలో కంట్లో చుక్కలు వేశారు, ఫొటోలు తీశారు. డాక్టరుగారు వాటిని చూస్తూ అడిగారు.

"ఎప్పుడు మొదలైందమ్మా?"

"మంగళవారం పొద్దున్నండి. పది దాటిన పది నిమిషాలకు."

ఆయన తలెత్తారు. "ఇవాళ సోమవారం."

"అవునండీ. మానిటర్ చెడిందనుకున్నాను."

"చెడిందా?"

"అదీ చెడిందండి."

కంటి వెనక కొత్త రక్తనాళాలు పుట్టి కారుతున్నాయన్నారు. ఆ పూటే కంట్లో ఇంజెక్షను చేస్తామన్నారు.

"మంగళవారమే వచ్చి ఉంటే?" అని అడిగాను.

"మంగళవారం ఎంత కారిందో నేను చూడలేదు కదమ్మా. ఇంత ఉండకపోవచ్చు. అంతకు మించి చెప్పలేను."

కంటికి కట్టుతో బయటి బెంచీ మీద కూర్చున్నాక మా ఆడపడుచు నోరు విప్పింది. "పెట్టెకి అన్ని రోజులు వైద్యం సేసినావు, కంటికి ఒక్క పూట సెయ్యలేదు. నిన్నేటనాలి సెప్పు!" అని తిట్టింది. తిడుతూనే నా జడ లోంచి ఊడిన పిన్ను తీసి మళ్లీ పెట్టింది.

నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు అయ్యాయి. వంపు అక్కడితో ఆగింది. పెరగలేదు, తగ్గలేదు. కొత్త మానిటర్ ఇంతవరకు ఒక్కసారి కూడా రెపరెపలాడలేదు. అక్షరాలు బొటనవేలంత చేసుకుని అంకగణితం, బీజగణితం ప్రశ్నలు కొడుతున్నాను. కొట్టినవి మా ఆడపడుచు ఒక్కొక్క అంకే చదివి వినిపిస్తుంది.

పోయినవి ఇవి. తొమ్మిదేళ్లు వాడిన మానిటర్ ఒకటి. ఆరు రోజులు. ఆస్పత్రి అక్షరాల బోర్డు మీద, ఎడమ కంటికి, కింది మూడు వరుసలు. పేపరు చదవడం. సూదిలో దారం ఎక్కించడం. గ్రాఫులు, రేఖాగణితం.