వాన నీళ్ల కోసం ఆగిన ఫిలిం

చిన్నాయన పోయినాడని మా ఇంటికి మొదట చెప్పింది పాలు పోసే ఆమె. చెంబు కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని మెల్లగా చెప్పింది. ఆ మాట వింటూనే నా చూపు గోడ గూటి మీదికి పోయింది. అందులో ఆయన ఫిలిం ఉంది. ఇంకా కడగలేదు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. ముదిగుబ్బలో చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపినాడు. నేను బడికి పోలేదు. ఖురాను అమ్మ నేర్పింది, తెలుగు నాయన నేర్పినాడు, ఫిలిం కడిగేది చిన్నాయన నేర్పినాడు. ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడినాక, ఆయన తన కెమెరా తెచ్చి నాకిచ్చినాడు.

ఊర్లో అందరి పెళ్లిళ్లూ తీసిన మనిషికి, చిన్నమ్మతో కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. పోయిన పంటప్పుడు శెనక్కాయ కుప్ప దగ్గర ఇద్దరినీ నిలబెట్టి నేనే తీసినాను. మిట్టమధ్యాహ్నం. ఆయన చొక్కా తెలుపు, మనిషి నలుపు. ఈ ఎండకు, ఫిలింను ఒకదాని తర్వాత ఒకటి రెండు మందుల్లో కడిగే పద్ధతే సరి అని ఆయనే అన్నాడు. కానీ వాన నీళ్లతోనే కడగాలన్నాడు. ఎప్పుడో బోరు నీళ్లతో కడిగితే ఒక పెళ్లికూతురి ముఖం నిండా తెల్ల మరకలు పడినాయంట. ఆ దిగులు ఆయనకు పోలేదు.

క్యాన్ నీళ్లు తెప్పిస్తానని నేను అడగకపోలేదు.

"తాగేదానికి ఆ నీళ్లు చాలు పాపా, ఫోటోకు చాలవు. వాన పడనీ. నేనేమన్నా పారిపోతాండానా?" అన్నాడు.

నేర్పిన మనిషి మాట. సరే అన్నాను. మబ్బు పట్టినప్పుడల్లా వచ్చి, మిద్దె గొట్టం కింద బిందె పెట్టినానా లేదా అని చూసిపోయేవాడు. మబ్బులు కదిరి దిక్కు పోయేవి. ఆయన చిక్కిపోతా వచ్చినాడు. ఫోటో ఎట్లా వచ్చిందో చూసుకోకుండానే పోయినాడు.

ఆయన పేరున చదివించే ఫాతిహాకు ముందు చిన్నమ్మ అడిగింది, దాంట్లో ఆయన ముఖం ఉంటుందా అని. ఆ పొద్దే క్యాన్ నీళ్లు తెప్పించినాను. వంటింటి తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, చీకట్లో తడుముకుంటా ఫిలింను డబ్బాలోకి ఎక్కించినాను. బిస్మిల్లా అని మొదటి మందు పోసినాను. ఫిలిం తాగినంత తాగినాక మిగిలిన మందు వంచేసి, మధ్యలో కడగకుండా బట్టల సోడా కలిపిన నీళ్లు పోయాలి. తాగిన మందు అప్పుడు పని మొదలుపెడుతుంది. ఎండ పడిన చోట తొందరగా అయిపోతుంది, నీడ ఉన్న చోట నిదానంగా పనిచేస్తానే ఉంటుంది. అందుకే చొక్కా మాడిపోదు, ముఖం మునిగిపోదు. ఇదంతా ఆయన చెప్పిందే.

బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపోలో ముంచి, కడిగి, వెలుతురుకు పట్టి చూసినాను. చొక్కా మడతలు, కళ్ల కింద గీతలు, అన్నీ ఉన్నాయి. ఒక్క మరక లేదు. ఒక్కటైనా ఉండి ఉంటే బాగుండు అనిపించింది. ఆయన మాట నిజమయ్యేది, మేము ఆగిందానికి ఒక అర్థం ఉండేది.

అనంతపురంలో ప్రింటు వేయించి చిన్నమ్మ చేతికిచ్చినాను. చానాసేపు చూసింది.

"ఈడ కూడా నా పక్క చూడల్యా. నువ్వు సరిగా తీస్తాండావా లేదా అని నిన్నే చూస్తాండాడు" అనింది. నవ్వుతానే కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

బిందె ఇంకా గొట్టం కిందనే ఉంది. తీయబుద్ధి కాలేదు. మీ ఊర్లో వాన మొదలైనప్పుడు, మీరు ఏ దేవునికి మొక్కేవాళ్లయినా సరే, మా చిన్నాయనను ఒక్కసారి తలుచుకోండి.