సర్వీసా, కొత్తదా? మేడ్చల్‌లో విప్పి చూసిన నా పాత రెగ్యులేటర్

అండమాన్‌కి టికెట్లు తీసుకున్న రోజునే అటక మీంచి నా డైవింగ్ సంచీ దించాను. రెండేళ్ల క్రితం విశాఖ రుషికొండ దగ్గర, ఎనిమిది మీటర్ల లోతులో, గాలి పీల్చబోతే నోట్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి. గైడ్ చెయ్యి విదిలించుకుని పైకి తన్నుకొచ్చేశాను. ఒడ్డున అందరిదీ ఒకటే మాట: భయపడిపోయావు. మా ఆయన కూడా అదే అన్నారు. నేనూ నమ్మాను, మళ్లీ నీళ్లలో దిగలేదు. ఇప్పుడేమో ఆయన, "పాతవి పారేసి కొత్తవి కొనేద్దాం, ధైర్యంగా ఉంటుంది" అంటారు. ట్యాంకులోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఒక్కటే కొత్తది నలభై వేల పైమాట. ఖర్చు సంగతి అలా ఉంచి, అంత పెట్టి కొన్నాక కూడా భయం వేస్తే? నా అసలు దిగులు అదీ.

తుర్కపల్లిలో మా ల్యాబుకి ఊపిరి మాస్కులు బాగుచేసే యాదగిరి గారు డైవింగ్ సామాను కూడా చూస్తారని తెలిసి ఫోన్ చేశాను. మోడల్ నంబరు ఫొటో పంపమన్నారు. ఆ మోడల్‌కి మార్చే వాషర్ల కిట్ దొరకకపోతే కొత్తది కొనక తప్పదట. వారం తర్వాత కిట్ వచ్చిందని చెప్పారు. శనివారం ఉదయం ఎనిమిదింటికి బహదూర్‌పల్లిలో మా కాలనీ ముందు ఆటో ఎక్కాను. మేడ్చల్‌కి నలభై నిమిషాలు, మూడొందల యాభై.

"గీ సంచిల ఏమున్నది మేడం, గ్యాస్ పొయ్యా?" అన్నాడు ఆటోడ్రైవర్, సంచీ ఎత్తలేక.

"సముద్రంలో మునగడానికి సామాను."

"మేడ్చల్‌ల సముద్రం యాడిదమ్మా!" అంటూ దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

యాదగిరి గారి షెడ్డు రైల్వే స్టేషన్ వెనక సందులో ఉంది. అరవై దాటిన మనిషి. ఇరవై ఏళ్లు ప్రాజెక్టు గేట్ల దగ్గర నీటి అడుగున పనిచేశారట. నేను సంచీ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"సామాన్ తర్వాత చూస్త. ముందుగాల ఏమైందో చెప్పున్రి."

సిగ్గుపడుతూనే అంతా చెప్పాను. ఆయన రెగ్యులేటర్‌ని ట్యాంకుకి తగిలించకుండా, గాలి వచ్చే దారికి మూత బిగించి నా చేతికిచ్చారు. "నోట్ల పెట్టుకోని పీల్చున్రి. గాలి రావొద్దు. వచ్చిందంటే యాడనో చిల్లున్నట్టు."

పీల్చాను. రాలేదు. పరికరం బాగానే ఉందంటే తప్పు నాదేనన్నమాట. అంతలో ఆయన అడిగారు: "నీళ్లొచ్చినప్పుడు ఏం జేస్తున్నరు?"

"ఎడమవైపు ఏదో పచ్చటి చేప కనిపిస్తే తల తిప్పాను."

తల ఎడమకి తిప్పినప్పుడు లాగినట్టే ఆయన గొట్టాన్ని కుడిపక్కకి లాగిపట్టి, "ఇప్పుడు పీల్చున్రి" అన్నారు. సన్నగా, చల్లగా గాలి నోట్లోకి వచ్చేసింది! పళ్లతో కరిచిపట్టుకునే రబ్బరు మౌత్‌పీస్‌ని బిగించిన ప్లాస్టిక్ టై కత్తిరించి చూపించారు. దాని కింద గోరంత చీలిక. మామూలుగా ఉంటే మూసుకునే ఉంటుంది, గొట్టం పక్కకి లాగినప్పుడే నోరు తెరుస్తుంది.

"అంటే నేను భయపడలేదన్నమాట!" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"భయపడ్డరు. నోట్ల నీళ్లొస్తె ఎవలు భయపడరు? కని ఉత్తగ భయపడలే." వెంటనే గొంతు గట్టిపడింది. "గంత జల్దీ పైకొచ్చుడు మాత్రం తప్పే. ఊపిరితిత్తులు ఖరాబైతయి. పక్కన రెండో మౌత్‌పీస్ ఉంటది గదా, గది నోట్ల పెట్టుకోవాలె."

తలూపాను. సంచీలోంచి గాలి నింపుకునే జాకెట్‌ని తీసి, ఉబ్బించి ఆయన నీళ్ల డ్రమ్ములో ముంచితే కుట్టు పొడవునా బుడగలు లేచాయి. "ఇగ దీన్ని ఇడిసిపెట్టున్రి. అతుకులేసిన జాకెట్ నమ్మరాదు. అండమాన్‌ల కిరాయికిస్తరు." రెగ్యులేటర్ మాత్రం లోపల మెరుస్తూ ఉంది. విప్పి, కడిగి, వాషర్లన్నీ మార్చి, మౌత్‌పీస్‌లు రెండూ కొత్తవి వేసి, ఒత్తిడి కొలిచేసరికి పన్నెండున్నర. కిట్‌తో కలిపి ఐదు వేల లోపే అయింది.

శనివారాల్లో ఆయన షామీర్‌పేటలో ఒక రిసార్ట్ ఈతకొలనులో సామాను పరీక్షిస్తారు. ఆయన ట్యాంకు, ఆయనదే ఒక జాకెట్ వ్యాన్‌లో పెట్టుకుని ఔటర్ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీదుగా అరగంటలో చేరాం. ఊళ్లో ఒక మెస్‌లో జొన్నరొట్టె, కోడికూర. వడ్డిస్తున్న వంటావిడ మా మాటలు విని ఆగిపోయింది.

"సముద్రంల ఏం పోగొట్టుకున్నరమ్మా, దేవులాడనికి పోతున్నరు?"

"రెండు రొట్టెలు చాలు, నీళ్లల్ల దిగేదున్నది" అని యాదగిరి గారు నా కంచం పక్కకి జరిపారు. 

రెండు గంటలు ఆగి, మూడున్నరకి కొలనులో దిగాను. కొలను అద్దె గంటకి నాలుగొందలు. లోతు తొమ్మిది అడుగులే, అయినా కాసేపు గట్టు పట్టుకునే ఉన్నాను. కారణం తెలిసినంత మాత్రాన భయం మాయం కాదని అక్కడ అర్థమైంది. అడుగున మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా ఊపిరి లెక్కపెట్టుకున్నాను. తల ఎడమకి తిప్పాను. గాలే. కుడికి తిప్పాను. గాలే. యాదగిరి గారు పక్కనే మునిగి సైగ చేయగానే రెండో మౌత్‌పీస్ నోట్లోకి మార్చుకున్నాను. మూడోసారికి తడుముకోకుండానే మార్చుకోగలిగాను.

పైకొచ్చాక, "ఎట్లున్నది?" అన్నారు.

"ఇంకో పావుగంట ఉంటానండీ."

సాయంత్రం ఇంట్లో పాత మౌత్‌పీస్ మా ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ వంచి చూస్తే చీలిక కనిపించింది. "ఆ రోజు భయపడ్డావని చెప్పకుండా, ఏం జరిగిందని నేను నిన్ను అడగాల్సింది" అన్నారు. నాకు ఆ మాట చాలు. పొద్దున సంచీ మోసుకుని బయల్దేరినప్పుడు ఏది కొనాలి, ఏది ఉంచాలి అన్నదే నా ప్రశ్న. రెగ్యులేటర్ ఉంచుకున్నాను, జాకెట్ వదిలేశాను. రెండేళ్లుగా నా గురించి నేను అనుకుంటున్న ఒక మాటని కూడా వదిలేశాను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి ఒక్క సలహా: సర్వీసుకి ఇచ్చేటప్పుడు "ఊరికే ఒకసారి చూడండి" అనకండి. చివరి డైవ్‌లో ఏం జరిగిందో, ఎంత లోతులోనో, తల ఎటు తిప్పారో, ఎంత చిన్న విషయమైనా సిగ్గుపడకుండా చెప్పండి.